డెబ్బై వేల ఒక్క రూపాయి

నాకు కోపం ఎక్కువ. ఇచ్చోడలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. చెప్పిన రోజుకు ముందే వచ్చి "అయిందా అక్కా?" అంటే చేతిలో కత్తెర కింద పెట్టి మరీ తిడతాను. అయినా వస్తారు, ఎందుకంటే కొలత తప్పను. అర అంగుళం అటూ ఇటూ కానివ్వనని నాకు కొంత గర్వం కూడా ఉండేది. అంత గర్వమున్న మనిషిని ఒక్క రూపాయి దగ్గర బోల్తా పడ్డాను. ఆ ఆదివారం గురించి చెప్పాలంటే ముందు మా తమ్ముడి గురించి చెప్పాలి.

వాడు దుబాయి పోయి అప్పటికి ఏడేళ్లు. మా దిక్కు ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు. వాడు పోయింది దుబాయి కాదు, ఆ చుట్టుపక్కల ఇంకో దేశం. కరీంనగర్‌లో ఏజెంటు చూపించిన కంపెనీ రెండేళ్లకే మూతపడింది. పాస్‌పోర్టు కంపెనీ వాళ్ల దగ్గరే ఉండిపోయింది, వీసా గడువు ముగిసింది, వాడు ఖల్లివల్లి అయ్యాడు. గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లల్లో ఈ మాట తెలియనివాళ్లుండరు. కాగితాలు లేకుండా, దొరికిన చోట దొరికిన పని చేసుకుంటూ, పోలీసు బండి కనిపిస్తే సందులోకి తిరిగే బతుకు అది. పెళ్లి ఈడు అక్కడే దాటిపోయింది. ఫోన్‌లో మాత్రం ఎప్పుడడిగినా "నాకేం ఫికర్ లేదక్కా, మంచిగున్న" అనేవాడు. వాడి గొంతు వింటేనే నాకు తెలిసిపోయేది, మంచిగా లేడని.

గుర్తింపు కార్డు లేని మనిషి దగ్గర అక్కడ డబ్బు పంపే దుకాణాల్లో పైసా తీసుకోరు. హుండీ వాళ్లని, చాటుగా డబ్బు చేరవేసే మనుషులుంటారు, వాళ్ల చేతిలో పెడితే ఒకసారి చేరింది, రెండోసారి మాయమైంది. ఎవరిని అడుగుతాం? అప్పుడు నాకు దారి చూపించింది నిర్మల్‌లో ఉండే నా స్నేహితురాలు. చిన్నప్పుడు ఇద్దరం మిషన్ హాస్టల్లో ఒకే చాప మీద పడుకున్నవాళ్లం. అది కొయ్యబొమ్మలకు రంగులు వేస్తుంది. బయటి దేశాల దుకాణాల వాళ్లు దాని దగ్గర బొమ్మలు కొంటారు. ఒకప్పుడు ఆ డబ్బు బ్యాంకుల చుట్టూ తిరిగి, దారిలో ఎవరెవరికో ముక్క కోసి ఇచ్చి, నెలకు చేరేదట. ఇప్పుడు స్టేబుల్ కాయిన్లలో వస్తుందని చెప్పింది.

"అదేంది మల్ల?" అన్నాను.

"ఒక నాణెం అంటే ఒక డాలరు. ఫోన్లనే ఉంటది. మిగతా క్రిప్టోల లెక్క పొద్దుగాల ఏనుగు, మాపటికి ఎలుక కాదు. డాలరు ఎంతుంటే గదీ గంతే."

నా ఫోన్‌లో యాప్ పెట్టించి, ఆధార్, పాన్ ఎక్కించి, ముఖం అటూ ఇటూ తిప్పి చూపించమంటే చూపించి, మొత్తానికి అన్నీ అదే చేసింది. పన్ను కోత పడుతుందని, సంవత్సరం చివర లెక్క చూపాలని కూడా చెప్పింది. ఆనాటి నుంచి రెండేళ్లు వాడి కష్టం ఇలా ఇంటికి చేరింది. వాడు తన నగదును అక్కడ మొబైల్ దుకాణం నడిపే మలయాళీ సేటుకు ఇచ్చేవాడు. ఆయన తన ఫోన్ నుంచి నాకు నాణేలు పంపేవాడు. నేను వాటిని యాప్‌లో అమ్మకానికి పెట్టేదాన్ని. కొనేవాళ్లు రూపాయలు నా ఖాతాలో వేసేవాళ్లు, పడ్డాయని చూసుకుని నాణేలు వదిలేదాన్ని. పెట్టుకున్న చాయ్ చల్లారేలోపు అంతా అయిపోయేది. మొదటిసారి ఖాతాలో డబ్బు పడ్డట్టు ఫోన్ మోగినప్పుడు అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్‌కు దండం పెట్టింది. నాకు నవ్వొచ్చింది కాని నేనూ లోపల పెట్టుకున్నాను. సముద్రం అవతల నా తమ్ముడు సిమెంటు మోసిన డబ్బు, ఎవడి చేతివాటానికీ చిక్కకుండా ఇచ్చోడకు చేరిందంటే దండం పెట్టొద్దా?

ఆ ఏడు అక్కడి సర్కారు ఒక గడువు ఇచ్చింది. కాగితాలు లేనివాళ్లు ఆ లోపల వచ్చి, రుసుము కట్టి, విమానం టికెట్టు చూపిస్తే, పాస్‌పోర్టు లేకపోయినా ఎంబసీ కాగితం మీద, జైలు లేకుండా ఇంటికి పంపిస్తారు. దాటితే పట్టుకుని లోపలేస్తారు. మా వాడు రుసుముకూ టికెట్టుకూ డబ్బు కూడబెట్టి గదిలో ఉండే తోటివాడి చేతిలో పెట్టాడు, ఇద్దరికీ కలిపి టికెట్లు తెస్తానంటే. ఆ మహానుభావుడు ఒక్క టికెట్టే కొన్నాడు, తనకు. గడువు చివరి రోజు తెల్లవారకముందే విమానమెక్కాడు.

ఆ చివరి రోజు ఆదివారం, అక్కడ మాత్రం ఆఫీసులు నడిచే రోజే. మేము చర్చికి బయలుదేరుతున్నాం. అవ్వ తెల్లచీర కట్టుకుని బైబిలు సంచీ చంకన పెట్టుకుంది. ఫోన్ మోగింది.

"అక్కా, అయిపోయింది. ఇగ నేను రాను," అన్నాడు తమ్ముడు.

"ఏంది రానిది? నోరు మూస్కో. ఏమైందో చెప్పు ముందుగాల."

చెప్పాడు. వాడిని మోసం చేసినవాణ్ణి తిట్టాలో, నమ్మిన వీణ్ణి తిట్టాలో నాకు తెలియలేదు. ఇద్దరినీ తిట్టాను.

"ఎంత కావాలె?"

"డెబ్బై వేలు. గిక్కడ పది గంటల లోపల దుకాణం సేటుకు చేరాలె. గప్పుడే టికెట్టు కొని ఆఫీసు మూసేలోపు పోత. అక్కా, గీయాల ఆదివారం. నీకు బ్యాంకులు ఉండయి. ఇడిసిపెట్టు."

అక్కడి పది అంటే మనకు పన్నెండున్నర. అప్పటికే పదిన్నర దాటింది. బ్యాంకు తెరిచి ఉన్నా లాభం లేదు. ఇక్కడి నుంచి బయటి దేశానికి పంపాలంటే ఫారాలు, సంతకాలు, మూడు నాలుగు పనిదినాలు. అంత చేసినా తీసుకోవడానికి అక్కడ వాడికి ఖాతా లేదు. మిగిలింది ఒక్కటే దారి. వాడి డబ్బు ఏ దారిన వచ్చేదో ఆ దారినే వెనక్కి పంపాలి. నా ఖాతాలో డెబ్బై రెండు వేలు ఉన్నాయి. వాటితో నాణేలు కొని సేటుకు పంపితే ఆయన వాడికి నగదు ఇస్తాడు. చేబదులుగా ఇవ్వడానికి ఆయనకూ వీల్లేదు, వెళ్లిపోతున్న వాళ్లకు అప్పటికే చాలా అప్పులిచ్చాడు, దుకాణంలో మిగిలింది నాణేలకు బదులుగా ఇచ్చే నగదే.

అమ్మడం నాకు వచ్చు. కొనడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. నిర్మల్‌కు ఫోన్ కొట్టాను. నా స్నేహితురాలు పరేషాన్ కాకుండా మూడు మాటలు చెప్పింది.

"నీ పేరు మీదున్న ఖాతా నుంచే పైసలు ఎయ్యి. అమ్మేటోని పేరు సరిగ్గ చూసుకో. ఆర్డర్ల ఎంతుంటే గంతే ఎయ్యి, తక్కువొద్దు, ఎక్కువొద్దు."

సరే అన్నాను. మహారాష్ట్ర సరిహద్దు అవతలి యవత్మాల్ దిక్కు మనిషి ఒకాయన అమ్మకానికి పెట్టి ఉన్నాడు. ఆర్డరు పెట్టాను, డెబ్బై వేలకు. ఆయన నాణేలను యాప్ వాళ్లు మధ్యలో పట్టి ఉంచుతారు. నేను రూపాయలు వేస్తే, ఆయన చూసుకుని వదులుతాడు. చెల్లింపు యాప్‌లో ఏడు వేసి నాలుగు సున్నాలు కొట్టాను. వెనక నిలబడి అవ్వ చూస్తోంది. అవ్వకు చదువు రాదు కాని సున్నాలు బాగా తెలుసు.

"గన్ని సున్నాలు పెట్టి పంపుతవా బిడ్డా? ఇంటికొచ్చే మనిషికి సున్నా పైసలు పంపుతరా ఎవరన్న? సచ్చినోళ్ల కాడ ఇస్తరు గట్ల."

"అవ్వా, ఇది చదివింపులు కాదు."

"ఏదైతేంది? ఒక్క రూపాయి కలుపు."

మేము తాతల కాలం నుంచి మెథడిస్టులం. మాకు వర్జ్యం లేదు, రాహుకాలం లేదు, పిల్లి ఎదురొస్తే దాన్ని అదిలించి పోతాం. కాని ఆ ఒక్క రూపాయిని మాత్రం ఏ పాస్టరూ మాతో మాన్పించలేకపోయాడు. పెళ్లికి నూట పదహారు, పంట పండుగ కానుకకు ఐదు వందల ఒకటి, పుట్టినరోజు పిల్లకు యాభై ఒకటి. నాకూ ఆ సున్నాలు నచ్చలేదు. అబద్ధమెందుకు, అవ్వ అనకపోయినా కలిపేదాన్నేమో. నిర్మల్ నుంచి చెప్పిన మాట చెవిలో ఉండగానే చివరి సున్నా చెరిపి ఒకటి కొట్టాను. డెబ్బై వేల ఒక్క రూపాయి పోయింది.

రెండు నిమిషాలు చూశాను, నాణేలు రాలేదు. ఐదు నిమిషాలు చూశాను. అప్పుడు ఆయన దగ్గర నుంచి మరాఠీలో మెసేజి.

"ఏక్ రుపయా జాస్త్ కా పాఠవలా?"

ఒక్క రూపాయి ఎక్కువ ఎందుకు పంపారని. మా ఇచ్చోడలో మరాఠీ అర్థం కానివాళ్లు తక్కువ. మంచిదని పంపాను, వదిలేయండి అని రాశాను. ఆయన వదల్లేదు, ఫోన్ చేశాడు. పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తానని, పోయినేడు ఎవడో ఇలాగే తేడాగా డబ్బు వేశాడని, అది ఎవరినో మోసం చేసిన సొమ్ము అయ్యేసరికి పోలీసులు తన ఖాతాను నాలుగు నెలలు ఆపేశారని చెప్పాడు. పిల్లల ఫీజు కట్టడానికి పెళ్లాం గాజులు కుదువపెట్టాడట. అందుకని యాప్ వాళ్లకు ఫిర్యాదు పెడతాను, రెండు రోజుల్లో తేలుస్తారు, తేలాక తీసుకోండి అన్నాడు.

రెండు రోజులు అనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. "నేను దొంగలాగ కనపడుతున్ననా నీకు?" అని మరాఠీలో మొదలుపెట్టి తెలుగులో ముగించాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. మళ్లీ నిర్మల్‌కు చేస్తే స్నేహితురాలు నెత్తి కొట్టుకుంది.

"లొల్లి పెడితె పని అయితదానే? పాపం ఆయన భయం ఆయనది. మల్ల చెయ్యి, మంచిగ మాట్లాడు."

మూడుసార్లు చేశాను, ఎత్తలేదు. గోడ మీద గడియారం పన్నెండు దాటింది. నాలుగోసారి ఎత్తాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ నా చేతిలో ఫోన్ లాక్కుంది. పెళ్లి కాకముందు అవ్వ ఏటేటా కూలీలతో కలిసి యవత్మాల్ దిక్కు పత్తి ఏరడానికి పోయేది. ఆమె మరాఠీ ఆ చేన్లలో నేర్చుకున్నది.

"బాబా, పోర్‌గా ఘరీ యేణార్ హాయ్," అంది.

పిల్లగాడు ఇంటికి వచ్చేదున్నది నాయనా, అని. ఇక ఆపలేదు. ఏడేళ్లయింది, కాగితాలు లేవు, ఇవాళ మధ్యాహ్నంతో గడువు తీరిపోతుంది, రూపాయి కలపమన్నది నేనే, తిట్టాలంటే నన్ను తిట్టు, నా బిడ్డకు కోపమెక్కువ కాని దొంగ కాదు. నాకు ఏడుపొచ్చింది. నేను దొంగ కాదని ఎవరికో చెప్పుకోవలసి వచ్చిందే అవ్వకు, అదీ నా నోటి దురుసు వల్ల.

ఆయన వీడియో కాల్ చేయమన్నాడు. నా ముఖం పక్కన ఆధార్ కార్డు పట్టుకోమన్నాడు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ చూపించమన్నాడు, పేరు అక్షరం అక్షరం చదివి యాప్‌లో పేరుతో సరిచూసుకున్నాడు. నేను బడిపిల్లలాగా చెప్పినట్టల్లా చేశాను. చివరికి "సోడ్తో, మావ్‌శీ," అన్నాడు అవ్వతో. వదులుతున్నాను, పిన్నమ్మా అని. ఫోన్ పెట్టేలోపే నాణేలు నా దగ్గరున్నాయి. వెనకే ఒక్క రూపాయి తిరిగి నా ఖాతాలో పడింది, లెక్క సరిపోవాలని ఆయనే పంపాడు. ఇచ్చిన రూపాయి వెనక్కి తీసుకోవలసి వచ్చిందని అవ్వ ముఖం మాడ్చుకుంది. అంత గండం గడిచాక కూడా!

సేటుకు నాణేలు పంపాను. నాణేలు చేరాల్సిన ఆయన చిరునామా, ఖాతా నంబరు లాంటిది, పాతదే, అయినా మొదటి నాలుగక్షరాలు, చివరి నాలుగక్షరాలు మూడుసార్లు చూసుకున్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. టైము పన్నెండు ఇరవై ఐదు. దేశాలు దాటి, సముద్రం దాటి, ఆదివారం పూట! వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. మళ్లీ చేశాను, స్విచ్చాఫ్. సేటుకు చేస్తే "ఆయా, ఆయా" అని, అంటే డబ్బు వచ్చిందని, మాత్రం అని పెట్టేశాడు. తర్వాత ఆయనా ఎత్తలేదు.

గంట సేపు మేమిద్దరం గడప దగ్గర కూర్చున్నాం. చర్చి వదిలి జనం ఇళ్లకు పోతున్నారు. ఎందుకు రాలేదని అడిగినవాళ్లకు అవ్వ తలనొప్పి అని చెప్పింది. జన్మలో అవ్వ ఆదివారం అబద్ధమాడడం నేను అప్పుడే విన్నాను.

అప్పుడు వాడి ఫోన్ వచ్చింది.

"అక్కా, టికెట్టు చేతిలున్నది. ఆఫీసు లైన్ల నిలబడ్డ."

"ఫోన్ ఎందుకు బంద్ పెట్టినవ్ రా? ఈడ మేం బతికున్నమా సచ్చినమా అనుకున్నవ్? ఇంత బుద్ధి లేదా నీకు?"

"ఛార్జింగ్ అయిపోయిందక్కా," అన్నాడు.

నాలుగో రోజు వాడు హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ బస్సులో వచ్చి ఇచ్చోడలో దిగాడు. ఒక్క సంచీ, అందులో రెండు జతల బట్టలు, అవ్వకు ఒక దుప్పటి. మనిషి సగమయ్యాడు. అవ్వ ఏడవలేదు, వాడి చెవులు తడిమి చూసింది. తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పింది, దేవుడు యవత్మాల్‌లో ఒక గుమాస్తాను నిలబెట్టాడని. నేను ఆయనకు మెసేజి పెట్టాను, పిల్లగాడు ఇంటికి వచ్చాడని, నా మాటకు క్షమించమని. రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు.

ఇంకో వారానికి గాని మా తమ్ముడు అసలు సంగతి చెప్పలేదు. మధ్యాహ్నం అన్నం తింటున్నాం. ఆ రోజు డబ్బు రావడానికి అంత సేపు ఎందుకు పట్టిందని వాడే అడిగాడు. రూపాయి కథ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. వాడు ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఛార్జింగ్ అయిపోలేదక్కా. నేనే సిమ్ము తీసేసిన."

"ఎందుకు?"

"ఎడారిల గొర్ల దొడ్లకు మనుషులను తీస్కపోయే బండి ఉంటది. కాగితాలడగరు. గాడ సిగ్నల్ ఉండదు, మల్ల ఎప్పుడొస్తమో తెల్వది. నీకెన్ని తిప్పలు పెట్టాలె ఇంక? పైసలు రానట్టే అనుకున్న. సేటుకు చెప్పి పోయిన, మా అక్క ఫోన్ చేస్తె నేను మంచిగున్ననని చెప్పమని."

అవ్వ వాడి వైపు తిరిగి కూర్చుంది.

"బండి ఎక్కబోయిన. ఒక కాలు లోపల పెట్టిన. ఎన్కకెళ్లి అరుపు వినొచ్చింది. సూస్తె సేటు. దుకాణం తెరిచిపెట్టి, లుంగీ ఎగగట్టి, రోడ్డు మీద ఉరుకుతుండు. పెద్ద పొట్ట ఆయనది, మోకాళ్ల నొప్పులు. నా దగ్గరికొచ్చి నా కాలరు పట్టుకున్నడు. మాట రాలే. ఫోన్ల నువ్వు పంపిన నాణేలు సూపిచ్చిండు."

డబ్బు అంత ఆలస్యమై వాడు ఆ బండి దాకా పోయింది ఆ ఒక్క రూపాయి వల్లేనని నాకు తెలుసు, అవ్వకూ తెలుసు. అవ్వ లేచి వచ్చి వాడి కంచం ముందు కూర్చుంది. నలభై ఏళ్లు దాటిన కొడుకుకు అన్నం కలిపి నోట్లో పెట్టడం మొదలుపెట్టింది. వాడు వద్దనలేదు.

నేను బయటికి వచ్చి సేటుకు ఫోన్ చేశాను. రెండేళ్లు నాణేలు పంపుకున్నాం కాని అవసరం లేని మాట ఒక్కటీ ఆయనతో మాట్లాడి ఎరుగను. హిందీలో ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కున్నాను. ఆయన ఎత్తగానే "భాయ్" అన్నాను. ఆ ఒక్క మాటకే ఆయన నన్ను గుర్తుపట్టాడు.

"వో ఘర్ పహుంచ్ గయా?" అన్నాడు. ఇంటికి చేరాడా అని.

"చేరిండు భాయ్. అన్నం తింటుండు," అన్నాను. తెలుగులోనే అన్నాను.